మెట్ల లెక్క చెప్పండి: ప్రోగ్రామింగ్ భాషల మీద తటస్థంగా వ్యాసం రాసే పద్ధతి

తిరుమలకు నడకదారులు రెండు. అలిపిరి దారిలో 3550 మెట్లు, శ్రీనివాస మంగాపురం వైపు నుంచి పోయే శ్రీవారి మెట్టు దారిలో 2388. ఏది తేలికని తిరుపతిలో ఎవరినైనా అడిగి చూడండి. దూరం తక్కువ కాబట్టి శ్రీవారి మెట్టే తేలిక అంటారు కొందరు. అక్కడ మెట్లు నిటారుగా ఉంటాయి, ఊపిరి తీసుకునే సందుండదు, అలిపిరే నయం అంటారు ఇంకొందరు. మోకాళ్ల పర్వతం దగ్గర కూలబడినవాళ్లు ఆ మాటకూ ఒప్పుకోరు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. విజ్ఞాన సర్వస్వంలో ఈ దారుల గురించి రాసేటప్పుడు మెట్ల లెక్క, ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందన్నది మన మాటగా రాయవచ్చు. తేలిక, కష్టం అన్న మాట వస్తే మాత్రం అది ఎవరి మాటో చెప్పి తీరాలి.

ప్రోగ్రామింగ్ భాషల మీద రాసేటప్పుడూ ఇదే పద్ధతి. తెలుగు వికీపీడియాలో దీన్ని తటస్థ దృక్కోణం అంటారు. అది విశేషణాలు తీసేస్తే వచ్చేది కాదు. ప్రతి వాక్యం ఏ వెర్షన్ గురించి, ఏ సంవత్సరం గురించి, ఎవరు అన్నదాని గురించి అనే మూడు ప్రశ్నలకు నిలబడితే వస్తుంది. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో ఈ భాషలు రోజూ వాడే విద్యార్థులు వేలల్లో ఉన్నారు. వాళ్లు తెలుగులో రాయడం మొదలుపెడితే ఎక్కడ జారిపడతారో తెలుసుకుని రాయడం మంచిది.

ముందు మూలాలు, తర్వాతే వాక్యాలు

వ్యాసం తెరవక ముందే మూలాలను మూడు కుప్పలుగా పెట్టుకోండి. ఒకటి, ఆ భాష తయారుచేసినవాళ్లు రాసినవి: అధికారిక డాక్యుమెంటేషన్, విడుదల నోట్లు, ప్రామాణిక పత్రాలు. రెండు, వాళ్లతో సంబంధం లేనివాళ్లు రాసినవి: పాఠ్యపుస్తకాలు, పరిశోధన పత్రాలు, పేరున్న పత్రికల కథనాలు. మూడు, ట్యుటోరియల్ సైట్లు, కోర్సు అమ్మేవాళ్ల పేజీలు, వీడియోలు. మూడో కుప్పను పక్కన పెట్టేయండి. అందులో చాలా భాగం వికీపీడియా నుంచే ఎత్తిరాసినవి. వాటిని మూలంగా ఇస్తే వికీపీడియాకు వికీపీడియానే సాక్ష్యం పెట్టినట్టవుతుంది.

మొదటి కుప్ప దేనికి పనికొస్తుంది? ఫలానా సౌకర్యం ఏ వెర్షన్‌లో వచ్చింది, ఏ తేదీన విడుదలైంది, ఏ లైసెన్సు కింద ఉంది, వీటికి. ఆ భాష మంచిదా, వేగమైనదా, ముఖ్యమైనదా అన్నదానికి పనికిరాదు. తన బిడ్డను ఎవరైనా ముద్దుగానే చెప్పుకుంటారు. దానికి రెండో కుప్పే దిక్కు. ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ ప్రోగ్రామింగ్ లాంగ్వేజెస్’ పాఠం చెప్పే ఏ కాలేజీ లైబ్రరీలోనైనా ఇలాంటి పుస్తకాలు దొరుకుతాయి. చూసినప్పుడే ఎడిషన్, సంవత్సరం, పేజీ నంబరు నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత రాసుకుందాంలే అనుకున్న పేజీ నంబరు మళ్లీ దొరకదు. చరిత్ర భాగానికి కంప్యూటర్ నిపుణుల అంతర్జాతీయ సంఘమైన ఏసీఎం వారి ప్రోగ్రామింగ్ భాషల చరిత్ర సదస్సుల పత్రాలు గొప్ప గని. ఈ సదస్సులు 1978, 1993, 2007, 2021లో జరిగాయి. అయితే ఆ పత్రాలు చాలావరకు రూపకర్తలే రాసినవి, అందుకని తేదీలు తీసుకోండి, పొగడ్తలు వదిలేయండి.

800 మాటల వ్యాసానికి పది, పదిహేను మూలాలు ఉండాలి. వాటిలో సగమైనా రెండో కుప్పవి కావాలి. అన్నీ అధికారిక సైటు లింకులే అయితే అది వ్యాసం కాదు, కరపత్రం.

ఆ భాషకు అసలు వ్యాసం ఉండాలా అన్నదీ ఇక్కడే తేలుతుంది. కాలేజీ ప్రాజెక్టుగా తెలుగు కీలకపదాలతో ఒక చిన్న భాష తయారుచేయడం మెచ్చుకోదగ్గ పని. కానీ దాని గురించి సంబంధం లేనివాళ్లు వివరంగా రాసిన మూలాలు రెండు మూడైనా లేకపోతే వ్యాసం నిలబడదు, తొలగిస్తారు. అది మీ పని మీద తీర్పు కాదు. ఆ భాష మీరే తయారుచేసి ఉన్నా, దాని కోర్సు మీరే చెబుతున్నా వ్యాసం మీరు రాయవద్దు. చర్చా పేజీలో మీ సంబంధం చెప్పుకుని, సమాచారం అక్కడ పెడితే వేరేవాళ్లు చూసి చేరుస్తారు.

మొదటి పేరా

జనం ఎక్కువగా చదివేది ఇదే, ఎక్కువగా చెడేదీ ఇదే. చాలామంది రాసే పద్ధతి చూడండి:

“పైథాన్ చాలా సులభమైన, శక్తివంతమైన, ప్రపంచంలోనే అత్యంత ఆదరణ పొందిన ఇంటర్‌ప్రెటెడ్ భాష. దీన్ని ప్రముఖ శాస్త్రవేత్త గైడో వాన్ రోసమ్ గారు 1991లో కనిపెట్టారు. నేడు పైథాన్ లేని రంగమే లేదు.”

ఒక్కొక్క మాట పట్టి చూద్దాం. ‘సులభమైన’ అంటే ఎవరికి? సీ నేర్చుకుని వచ్చినవాళ్లకా, మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకా? ‘శక్తివంతమైన’ అన్నది ఏ భాషకైనా తగిలించవచ్చు. దీనికి ఒక పరీక్ష ఉంది: వాక్యంలో పైథాన్ తీసేసి రూబీ అని పెట్టి చదవండి. ఏమీ తేడా రాకపోతే ఆ వాక్యం పైథాన్ గురించి ఏమీ చెప్పలేదన్నమాట, కొట్టేయండి. ‘అత్యంత ఆదరణ’ సంగతి కింద వస్తుంది. ‘ఇంటర్‌ప్రెటెడ్’ సగం నిజం, ఎందుకో కింద చూద్దాం. ‘ప్రముఖ’ అక్కర్లేదు, ఆయన చేసిన పని చెబితే చాలు. ‘గారు’ తెలుగు వికీపీడియా (తెవికీ) వ్యాసాల్లో రాయరు, క్రియ కూడా ఏకవచనంలోనే ఉంటుంది. అది అమర్యాద కాదు. ఒకరికి గారు పెట్టి ఇంకొకరికి పెట్టకపోతే మొగ్గు కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ పెట్టరు. ‘కనిపెట్టారు’ కూడా సరిపోదు, భాషను రూపొందిస్తారు. 1991 అన్నది తొలి విడుదల మాత్రమే. చివరి వాక్యం సినిమా పోస్టరు మీద ఉండాల్సింది.

ఇప్పుడు తిరగరాద్దాం:

“పైథాన్ పలు రకాల పనులకు వాడే హై-లెవెల్ ప్రోగ్రామింగ్ భాష. నెదర్లాండ్స్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థలో పనిచేస్తున్న గైడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో దీని పని మొదలుపెట్టాడు. తొలి విడుదల 1991 ఫిబ్రవరిలో వచ్చింది. విలువల టైపుల (సంఖ్యా, అక్షరాలా వంటివి) తనిఖీ ప్రోగ్రాం నడిచేటప్పుడు జరుగుతుంది. కోడ్ బ్లాకులను బ్రాకెట్లతో కాక వాక్యం ముందు వదిలే ఖాళీతో గుర్తిస్తారు. 2008 డిసెంబరు 3న విడుదలైన పైథాన్ 3, అంతకుముందటి 2వ శ్రేణితో పూర్తిగా పొసగదు.”

రెండో దానిలో ఒక్క పొగడ్త లేదు, అయినా పైథాన్ గురించి మొదటిదానికంటే ఎక్కువ తెలుస్తుంది. బ్లాకుల వాక్యాన్ని జావా వ్యాసంలో పెడితే అది తప్పవుతుంది. అదీ మనకు కావలసింది.

ప్రత్యయాల్లో దాక్కునే పక్షపాతం

దీని మీద ఎక్కువ ధ్యాస పెట్టాలి. ఇంగ్లీషు వ్యాసం ఎంత తటస్థంగా ఉన్నా, తెలుగులోకి తెచ్చేటప్పుడు మొగ్గు మళ్లీ చొరబడేది ఇక్కడే. తెలుగులో ఒక్క అక్షరం చాలు. “ఈ పనికి జావాలో పది వరుసలు పడతాయి, పైథాన్‌లో రెండింటితోనే సరిపోతుంది” అన్న వాక్యంలో ఆ ‘తోనే’ తీర్పు చెప్పేసింది. ‘సరిపోతుంది’ దానికి వంత పాడింది. “జావాలో పది వరుసలు, పైథాన్‌లో రెండు” అని రాసి, ఆ పోలిక ఏ పుస్తకంలో ఉందో చూపించాలి. మీరే లెక్కపెట్టి ఉంటే అది మౌలిక పరిశోధన (ఎక్కడా అచ్చుకాని సొంత పరిశీలన) కిందికి వస్తుంది, వ్యాసంలోకి రాదు.

“జావాకు కూడా ఎట్టకేలకు లాంబ్డాలు వచ్చాయి” అన్నదాంట్లో ‘కూడా’, ‘ఎట్టకేలకు’ రెండూ వెక్కిరింతలే. (లాంబ్డా అంటే పేరు పెట్టకుండా రాసే చిన్న ఫంక్షన్.) “2014 మార్చిలో విడుదలైన జావా 8తో లాంబ్డా ఎక్స్‌ప్రెషన్లు చేరాయి” అంటే విషయం మొత్తం వచ్చేస్తుంది. కేవలం, మాత్రం, పాపం, అయినప్పటికీ, దురదృష్టవశాత్తు వంటి మాటలను పేజీలో వెతికి ఒక్కొక్కటీ తీసి చదవండి. తీసినా అర్థం చెడకపోతే తీసేయండి.

చెప్పడాన్ని సూచించే క్రియలు ఇంకా ప్రమాదకరం. మన పత్రికలకు ‘స్పష్టం చేశాడు’, ‘తేల్చి చెప్పాడు’, ‘కుండబద్దలు కొట్టాడు’ బాగా అలవాటు. స్పష్టం చేశాడంటే అతని మాట నిజమని మనం ఒప్పుకున్నట్టు. ‘ఒప్పుకున్నాడు’ అంటే ఏదో తప్పు దాచిపెట్టినట్టు. ‘అన్నాడట’ అంటే మనకు నమ్మకం లేనట్టు. అన్నాడు, రాశాడు, అభిప్రాయపడ్డాడు అనే మూడు మాటలతో వ్యాసమంతా నడిపించవచ్చు. చదవడానికి చప్పగా ఉంటుందని భయపడకండి.

తేదీల దగ్గర ఆగండి

భాష పుట్టిన సంవత్సరం అంటే ఏది? రస్ట్‌ను గ్రేడన్ హోర్ 2006లో సొంత ప్రాజెక్టుగా మొదలుపెట్టాడు. మొజిల్లా దానికి 2009లో అండగా నిలిచి 2010లో బయటికి ప్రకటించింది. 1.0 వెర్షన్ 2015 మే 15న వచ్చింది. “రస్ట్ 2010లో పుట్టింది”, “రస్ట్ 2015లో పుట్టింది” అని ఇద్దరు కొట్లాడుకోవడానికి కారణం ఇదే. ‘పుట్టింది’ అన్న మాట వదిలేసి, పని మొదలు, ప్రకటన, తొలి విడుదల, 1.0 అని దేనికది రాయండి, గొడవ ఉండదు. గో భాషకూ అంతే: రూపకల్పన 2007, ప్రకటన 2009 నవంబరు, 1.0 2012 మార్చి.

ముగింపు తేదీలూ ఇలాగే తిరకాసు పెడతాయి. పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ఆగింది. కానీ దాని చివరి విడుదల 2.7.18 వచ్చింది అదే ఏడు ఏప్రిల్‌లో. రెండూ నిజమే, రెండూ రాయాలి.

‘మొట్టమొదటి’ అన్న మాట కనిపిస్తే చేయి ఆపండి. ఫోర్ట్రాన్ మొట్టమొదటి హై-లెవెల్ (యంత్ర భాషకు దూరంగా, మనిషి చదవడానికి వీలుగా ఉండే) భాష అని పరీక్ష గైడ్లలో ఉంటుంది. 1957లో ఐబీఎం 704 యంత్రం కోసం జాన్ బ్యాకస్ బృందం దాన్ని విడుదల చేసింది. కానీ కొన్రాడ్ జూస్ 1940లలోనే ప్లాన్‌కాల్క్యూల్ అనే భాషను కాగితం మీద రూపొందించాడు, అప్పట్లో అది యంత్రం మీద నడవలేదు. ఆలిక్ గ్లెన్నీ 1952లో మాంచెస్టర్‌లో ఆటోకోడ్ తయారుచేశాడు. కాబట్టి “విస్తృతంగా వాడుకలోకి వచ్చిన తొలి హై-లెవెల్ భాషల్లో ఒకటి” అని రాస్తే నిలుస్తుంది.

ఒక్కరికే ఘనత కట్టబెట్టడం కూడా ఇలాంటి పొరపాటే. కోబాల్‌ను గ్రేస్ హాపర్ తయారుచేసిందని చాలాచోట్ల చదువుతాం. దాన్ని 1959లో ఏర్పడ్డ కోడసిల్ కమిటీ రూపొందించింది. అంతకుముందు హాపర్ నేతృత్వంలో వచ్చిన ఫ్లో-మ్యాటిక్ ప్రభావం దాని మీద బలంగా ఉంది. ఇలా రాస్తే ఆమె పనికి తక్కువేమీ కాదు, మిగతావాళ్లకూ అన్యాయం జరగదు.

భాష వేరు, దాన్ని నడిపేది వేరు

తెలిసినవాళ్లు కూడా తప్పు చేసే చోటు ఇది. కంపైల్ చేయడం (ప్రోగ్రాంను ముందే మరో రూపంలోకి మార్చడం), ఇంటర్‌ప్రెట్ చేయడం (చదువుతూనే నడపడం) అన్నవి భాష గుణాలు కావు, ఆ భాష ఇంప్లిమెంటేషన్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) గుణాలు. పైథాన్ ఇంప్లిమెంటేషన్లలో ఒకటైన సీపైథాన్ మీ ప్రోగ్రాంను ముందు బైట్‌కోడ్ అనే మధ్యరూపంలోకి కంపైల్ చేసి, ఆ బైట్‌కోడ్‌ను ఇంటర్‌ప్రెట్ చేస్తుంది. పైపై అనే ఇంకో ఇంప్లిమెంటేషన్ నడుస్తున్నప్పుడే యంత్ర భాషలోకి మారుస్తుంది. రెండూ నడిపేది పైథాన్‌నే. అందుకే “పైథాన్ నెమ్మది” అన్న వాక్యానికి అర్థం లేదు. ఏ ఇంప్లిమెంటేషన్, ఏ వెర్షన్, ఏ పని, ఏ యంత్రం, ఎవరు కొలిచారు అన్న ఐదూ ఉంటే రాయండి, లేకపోతే వదిలేయండి. మీ లాప్‌టాప్ మీద మీరు కొలిచిన సెకన్లు ఎంత కచ్చితమైనా పనికిరావు.

టైపుల విషయంలో భాష ఎంత పట్టుగా ఉంటుందో చెప్పే స్ట్రాంగ్ టైపింగ్, వీక్ టైపింగ్ అన్న మాటలకు అందరూ ఒప్పుకున్న నిర్వచనం లేదు. స్టాటిక్ (టైపులను నడిపే ముందే తనిఖీ చేయడం), డైనమిక్ (నడిచేటప్పుడు చేయడం) అన్నవాటికి ఉంది. మొదటి జంటను వాడితే అది ఎవరి నిర్వచనమో చెప్పాలి.

ఎంతమంది వాడుతున్నారు

తిరుపతి వీధుల్లో కోర్సుల బోర్డుల మీద ఏ భాషైనా నంబర్ వన్నే. వ్యాసంలో ర్యాంకు రాయాలంటే ఆ ర్యాంకు ఎలా వచ్చిందో పక్కనే ఉండాలి. టియోబీ ఇండెక్స్ సెర్చ్ ఇంజిన్లలో ఆ భాష పేరుతో వచ్చే ఫలితాలను లెక్కేస్తుంది. పీవైపీఎల్ ఆ భాష ట్యుటోరియల్స్ కోసం గూగుల్‌లో ఎంత వెతుకుతున్నారో చూస్తుంది. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో ఏటా చేసే సర్వే తనంతట తాను జవాబిచ్చినవాళ్ల మాట. ఈ మూడూ కొలిచేది మూడు వేర్వేరు వస్తువులను. చిత్తూరు మండీలో ఏ మామిడి గొప్పదంటే గుజ్జు ఫ్యాక్టరీవాడు తోతాపురి అంటాడు, ఇంట్లో తినేవాడు బేనీషా అంటాడు. ఎవరిని అడిగారో చెప్పకుండా జవాబు ఒక్కటే రాస్తే చదివేవాడిని దారి తప్పించినట్టే. “ఫలానా నెల టియోబీ సూచీలో ఫలానా స్థానం” అని నెలతో సహా రాయండి.

ఫలానా కంపెనీలు వాడుతున్నాయనే పొడుగు జాబితాలు వద్దు. పెద్ద కంపెనీల్లో దాదాపు ప్రతి భాషా ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఏ పనికి వాడారో వివరంగా చెప్పే మూలం ఉన్నవి రెండు మూడు చాలు.

విమర్శ రాసే తీరు

‘విమర్శలు’ అని వేరే విభాగం పెట్టి అందులో తిట్లన్నీ కుప్ప పోయడం కంటే, టైపింగ్ మీద వచ్చిన విమర్శను టైపింగ్ గురించి చెప్పే చోటే, వేగం మీద వచ్చినదాన్ని వేగం దగ్గరే పెట్టడం మేలు. పొగడ్తకు ఒకటి, తెగడ్తకు ఒకటి అని తూకం వేయడం కూడా తటస్థత కాదు. నమ్మదగిన మూలాలు దేనికి ఎంత చోటిచ్చాయో మనమూ అంతే ఇవ్వాలి.

బేసిక్ భాషనే తీసుకోండి. 1964లో డార్ట్‌మత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ దాన్ని తెచ్చారు. ముందే బేసిక్ నేర్చుకున్న విద్యార్థులకు మంచి ప్రోగ్రామింగ్ నేర్పడం దాదాపు అసాధ్యమని కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1975లో రాశాడు. మాట పదునుగా ఉంది కాబట్టి అందరూ ఎత్తి రాస్తారు, సంవత్సరం మాత్రం వదిలేస్తారు. సంవత్సరం లేకపోతే అది 1991లో వచ్చిన విజువల్ బేసిక్‌కూ అంటుకుంటుంది. ఆయన చూసింది 1975 నాటి బేసిక్‌ను. పేరు, సంవత్సరం, సందర్భం మూడూ ఉంటే ఎంత కటువైన మాటనైనా వ్యాసంలో పెట్టవచ్చు.

ఇప్పుడు నడుస్తున్న వివాదం ఒకటి: సీ++ సురక్షితమా కాదా. “సీ++ సురక్షితం కాదు” అని మన మాటగా రాయకూడదు, “సురక్షితమే” అనీ రాయకూడదు. 2022 నవంబరులో అమెరికా జాతీయ భద్రతా సంస్థ, వీలైన చోట మెమరీ భద్రత ఉన్న (మెమరీని తప్పుగా వాడే పొరపాట్లను భాషే అడ్డుకునే) భాషలకు మారమని సిఫార్సు చేసింది. సీ, సీ++ ఆ కోవలోకి రావంది. సీ, సీ++ రెండింటినీ ఒకే గాటన కట్టడాన్ని సీ++ రూపకర్త బ్యార్న్ స్ట్రౌస్ట్రప్ తప్పుపట్టాడు, గత ముప్పై ఏళ్లలో వచ్చిన మార్పులను లెక్కలోకి తీసుకోలేదని రాశాడు. ఇద్దరి మాటా ఇలా పక్కపక్కన పెట్టి, తర్వాత వచ్చిన పరిశోధన పత్రాలేమన్నాయో చేర్చి ఆగిపోవాలి. “ఏదేమైనా” అని ఇంకో వాక్యం రాయబుద్ధవుతుంది. ఆ వాక్యం రాయకండి.

తెలుగు మాటలు, అనువాదం

కంపైలర్, వేరియబుల్, ఫంక్షన్ అన్న మాటలు క్లాసులో అందరూ వాడేవే, వాటినే రాయండి. మొదటిసారి వచ్చినప్పుడు అదేం చేస్తుందో అరవాక్యంలో చెప్పండి. చరరాశి అన్న మాట లెక్కల పుస్తకంలో తెలిసిందే కాబట్టి ఒకసారి పక్కన పెట్టవచ్చు. ఎవరూ వినని సంస్కృత సమాసాలు మీరే అల్లి పెడితే చదివేవాళ్లు ఆ మాట దగ్గరే ఆగిపోతారు. పేరు రాసే తీరు ఒకటే ఎంచుకుని, మిగతా రూపాలకు దారిమార్పు పేజీలు పెట్టండి. జావాస్క్రిప్ట్‌ను కురచ చేసి ‘జావా’ అని ఎక్కడా రాయవద్దు, అవి రెండూ వేరు భాషలు.

ఇంగ్లీషు వ్యాసాన్ని అనువదిస్తే దిద్దుబాటు సారాంశంలో ఆ మాట, మూల వ్యాసం లింకు రాయాలి, లైసెన్సు షరతు అది. యంత్రం చేసిన అనువాదాన్ని అలాగే దించకండి. లైబ్రరీ గ్రంథాలయమైపోతుంది, స్ట్రింగ్ తీగ అవుతుంది, పైథాన్ కొండచిలువ అవుతుంది. ముందు చిత్తుప్రతి రాసుకునే మీ ప్రయోగశాల పేజీలో పెట్టి, ప్రతి వాక్యానికీ మూలం తెరిచి చూసి, అందులో నిజంగా ఆ మాట ఉందని తేలాకే వ్యాసంలోకి మార్చండి. ఇంగ్లీషు వ్యాసంలో ఉన్న మూలాల్లోనూ లింకు చచ్చినవి, చెప్పిన మాట లేనివి ఉంటాయి.

ఎవరైనా మీ వాక్యం తీసేస్తే వెంటనే తిరిగి పెట్టకండి. చర్చా పేజీలో ఇలా రాయండి: “నమస్కారం అండీ. రస్ట్ తొలి ప్రకటన 2010 అన్న వాక్యం తీసేశారు. మూలం మొజిల్లాది కావడం వల్లనా, తేదీ తప్పనా? స్వతంత్ర మూలం ఇంకొకటి ఉంది, కింద ఇస్తున్నాను.” వ్యాసంలో వదిలేసిన ‘గారు’ను ఇక్కడ ధారాళంగా వాడండి. అప్పటికీ తెగకపోతే తెవికీ సభ్యులంతా చర్చించుకునే రచ్చబండ పేజీలో పెట్టండి.

వ్యాసం అచ్చయ్యాక, దానిలో జరిగే మార్పులను చూపించే మీ వీక్షణ జాబితాలో చేర్చుకోండి. ‘ప్రస్తుతం’, ‘ఇటీవల’, ‘తాజాగా’ అన్న మాటలు ఉంటే తీసేసి నెల, సంవత్సరం పెట్టండి. సమాచారపెట్టెలో వెర్షన్ నంబరు పాతబడటానికి ఎక్కువ కాలం పట్టదు. పైథాన్ కొత్త వెర్షన్ ఏటా అక్టోబరులో, జావాది మార్చి, సెప్టెంబరు నెలల్లో, రస్ట్‌ది ఆరు వారాలకోసారి వస్తాయి, సీ++ ప్రమాణం మూడేళ్లకోసారి మారుతుంది. ఆ నెలలు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని, విడుదల నోట్లు తెరిచి, నంబరు, తేదీ, మూలం మూడూ కలిపి ఒకే దిద్దుబాటులో మార్చండి.